పదహారు గళ్ల మనిషి

లెక్కల నోట్సులో మిగిలిన గళ్ల కాగితం మీద
మొదట లుంగీ వేశాను.
నాలుగు గళ్లు ఆకుపచ్చ, మధ్యన ఒకటి తెలుపు.
తలకి తువ్వాలు మూడు గళ్లు.
మొహానికి రెండే మిగిలాయి.
కళ్లు పెడితే మీసం పట్టదు,
మీసం పెడితే కళ్లు పట్టవు.
మీసమే ఉంచాను.
రాత్రి కదా, కళ్లు ఎవరికి కనిపిస్తాయి.

అడ్డం పదహారు, నిలువు పదహారు.
మా నాయన అందులో సరిపోయాడు.

కావలి కాలేజీలో ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు.
క్లాసంతా కార్లు తోలుతుంటే, దయ్యాల్ని కాలుస్తుంటే
నేనూ మస్తాన్‌వలీ
ఇస్కపల్లి రొయ్యల గుంట ఒకటి తవ్వాం.
కత్తితో కోసి పక్కనించి చూపినట్టు
ఇటు గట్టు, అటు గట్టు, నడాన నీళ్లు,
పైన నల్లటి ఆకాశం.
గట్టుకి వెనక ఏముందని అడగొద్దు,
ఈ లోకానికి వెనక లేదు.

ఆట ఏందంటే,
రాత్రి ఒంటిగంటకి కరెంటు పోద్ది.
ఏరేటర్లు ఆగిపోతాయి.
పైన మూలన నీలం గీత ఒకటి తరగడం మొదలవుద్ది.
అది నీళ్లలో మిగిలిన గాలి.
గీత అయిపోయేలోగా షెడ్డు దాకా ఉరకాలి,
డీజిలు పొయ్యాలి,
స్పేస్ బార్ గబగబా ఏడుసార్లు కొట్టి
జనరేటరు హ్యాండిలు తిప్పాలి.
దారిలో పాము, జారుడు మట్టి, నిద్ర.
నిద్రకి బొమ్మ వెయ్యడం మాకు చేతకాలేదు.
స్క్రీనంతా కొంచెం కొంచెంగా మసక చేసి ఊరుకున్నాం.

మొదటి వారం రొయ్యలు ఎగిరిపోయాయి.
గురుత్వాకర్షణ ముందు మైనస్ గుర్తు పడింది నా చేత్తోనే.
గుంటలో రొయ్యలన్నీ నీళ్లొదిలి చుక్కల్లోకి లేచి
స్క్రీను పైఅంచుకి తలలు ఆనించి నిలబడ్డాయి.
వలి కుర్చీలోంచి జారిపడి నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
పోయినేడు వేసంగిలో అట్టాగే పైకి తేలినయ్యి,
తెల్లారేసరికి గట్టు పొడుగునా తెల్లంగా.
ఆ ఏడు నా ఫీజు రెండు విడతలు ఆగింది.

ప్రాణాలు ఎన్ని పెడదాం అన్నాడు వలి.
మనిషికి మూడు పెట్టాం.
రొయ్యలకి ఒకటే.

వైవాకి నెల్లూరు నించి వచ్చిన సారు
కళ్లజోడు పైకి తోసుకుని ఆడాడు,
రెండుసార్లు నిద్రకి పోయాడు.
"చంపేది లేదు, నాణేలు ఏరేది లేదు,
ఇందులో గెలవడం ఎట్టమ్మా?"
"తెల్లారితే గెలిచినట్టు సార్."
ఆయన ఏదో రాసుకున్నాడు.
యాభైకి ముప్పై ఎనిమిది.

ఆ రాత్రే గుంట కాడికి తీసుకెళ్లాను.
నులకమంచం మీద ల్యాప్‌టాప్,
వెలుతురు చుట్టూ దోమలు.
నాయన ముందు తప్పులు పట్టాడు.
"చెక్ ట్రే యాడ? రెండు ఏరేటర్లేందమ్మే, నాలుగుండాల.
కుక్కని పెట్టలా, దానికి కోపం రాదూ."
తర్వాత ఊరికే బొమ్మని నడిపించాడు,
గట్టు ఈ కొస నించి ఆ కొసకి.

మేం గీసింది కుడికి నడిచే బొమ్మ ఒక్కటే.
ఎడమకి తిరిగితే
అదే బొమ్మ అద్దంలో మాదిరి తిరగబడుద్ది.
కుడిచేతి టార్చి ఎడమచేతిలోకి వచ్చేస్తది.

నాయన ఎడమచెయ్యి
మూడు వేళ్లని ఏరేటరు బెల్టుకి ఇచ్చిన చెయ్యి.
టీ గ్లాసు కూడా నిలవదు అందులో.

బొమ్మని ఎడమకి తిప్పాడు. ఆపాడు.
కుడికి. మళ్లీ ఎడమకి.
"పట్టుకుంటుండాడే" అన్నాడు,
నాతో కాదు.

అది బగ్గే, ఇంకో బొమ్మ గీస్తే పోద్ది, గంట పని,
ఫోన్లో అన్నాడు వలి.
మార్కులు పడిపోయినయ్యి కదరా, ఉండనీ అన్నాను.

అవతల నాలుగు ఏరేటర్లూ నీళ్లు చిమ్ముతున్నాయి.
నాయన ఇంకా ఆడుతూనే ఉన్నాడు.
కుడికి ఒక్క ఉరుకున వచ్చి,
ఎడమకి మాత్రం
నింపాదిగా నడుస్తూ.